మొదటి యజమాని

రాజోలు ప్రాంతమునుండి ఒక తల్లి వ్రాసిన ఉత్తరము ఈ నెల మా బల్లమీద ఉన్నది. ఆమె పెద్ద కుమారుడు మూడేండ్లు లారీ మీద క్లీనరుగా తిరిగాడు. ఇప్పుడు హెవీ లైసెన్సు చేతికి వచ్చింది. పిలిచేవారు ముగ్గురున్నారు. ఒకరు అదే ఊరిలో ఒక్క లారీ ఉన్న ఆసామి, వారి సంఘమువాడే. రెండవది రావులపాలెంలో పది బండ్లు తిప్పే ట్రాన్స్‌పోర్టు. మూడవ ఆయన రొయ్యల వ్యాను నడపమంటున్నాడు. అందరికంటె ఎక్కువ జీతము, పైగా లక్ష రూపాయలు అడ్వాన్సు. "చిన్నమ్మాయి పెండ్లి బాకీ ఇంకా తీరలేదండి అయ్యగారూ, అడ్వాన్సు పుచ్చుకోమనమంటారా? ప్రార్థన చేసి చెప్పండి" అని అడిగారు.

అమ్మా, ప్రార్థన చేశాము. ప్రార్థనతోపాటు నాలుగు చోట్ల తిరిగి విచారించవలసిన సంగతులు కూడ కొన్ని ఉన్నవి. కోనసీమలో ఎన్నో ఇండ్లలో ఇదే ప్రశ్న ఉన్నది గనుక అందరికీ కలిపి వ్రాస్తున్నాము.

యాకోబు అనగానే మనకు బేతేలులోని నిచ్చెన, యబ్బోకు రేవులోని పెనుగులాట జ్ఞాపకము వస్తాయి. ఆయన ఉద్యోగము సంగతి సండేస్కూలులో అంతగా చెప్పము. ఆదికాండము 31వ అధ్యాయము తీసి చూడండి. ఇరువది ఏండ్లు ఒకే యజమాని దగ్గర. జీతము పదిమార్లు మార్చాడు. అడవి మృగము గొర్రెను చీల్చితే ఆ నష్టము పనివాని నెత్తిమీదనే. దొంగలు ఎత్తుకొనిపోయినా అంతే. పగలు ఎండ, రాత్రి మంచు, కంటికి నిద్ర లేదు. ఒకసారి యవ్వనస్థుల కూటములో దీనిని చదివినప్పుడు వెనుక వరుసలోని డ్రైవరొకడు "ఇది మా ఓనరు గురించేనా అండి?" అన్నాడు. అందరూ నవ్వారు, అతడు మాత్రము నవ్వలేదు. లాబాను పరాయివాడు కూడ కాడు. ఎదురు పరుగెత్తుకొని వచ్చి, ముద్దుపెట్టుకొని ఇంటికి తీసుకొనిపోయిన మేనమామ.

కాబట్టి "మన సంఘమువాడే గదా" అని విచారించకుండ వదలకూడదు. మంచి యజమానికి ఆ విచారణ కష్టముగా తోచదు.

విచారించవలసినది జీతముకంటె ముందు ఒక్కటి: ఈ బండిమీద ఇంతకుముందు ఎవరు ఉన్నారు, ఎందుకు మానేశారు? ఆ మనిషిని వెదకి పట్టుకొనండి. ఓనరు చెప్పేది ఎలాగూ వింటాము, క్లీనరు భయపడి చెప్పడు. మానివేసినవానికి దాచవలసినది ఏమీ లేదు. మా ఎరుకలోని ఒక అబ్బాయి ఇలాగే వెళ్లి అడిగాడు: "బాబాయ్, జీతం ఎగ్గొట్టాడా?" దానికి ఆ పెద్దాయన, "జీతం బాగానే ఇచ్చాడ్రా అబ్బాయ్, నిద్రే ఇవ్వలేదు" అన్నాడట. ఆ అబ్బాయి ఆ బండి ఎక్కలేదు.

నిద్ర సంగతి లోడునుబట్టి కూడ తెలుస్తుంది. అంబాజీపేటలో ఎక్కించిన కొబ్బరికాయ రెండు రోజులు ఆలస్యమైనా పాడైపోదు. రావులపాలెం అరటిగెల అలాగు కాదు, ముగ్గిపోతుంది. రొయ్యలకైతే ఐసు కరగకముందే చేరాలి. గంటకొకసారి ఫోను మ్రోగుతుంది. ఓనరు చెడ్డవాడు కాకపోయినా సరుకే తొందరపెడుతుంది. చెయ్యి ఇంకా కుదరని పిల్లవాడు, కాలువ గట్టున ఎదురు బండి వస్తే తప్పుకొనే చోటు లేని మన దారులలో, అర్ధరాత్రి ఆ తొందరలో నడపడము మాకు ఇష్టము లేదు. మోటారు రవాణా కార్మికులకు దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు నలువది ఎనిమిది గంటలు అని 1961లోనే చట్టము చేశారు. దారిలో ఎవరు లెక్కపెట్టారు? నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లు ఉండవలెనన్న నిబంధన ఉండేది, 2018లో దానిని కూడ తీసివేశారు. కనుక దూరపు ట్రిప్పుకు రెండవ డ్రైవరును ఇస్తారా లేదా అని మనమే నోరు తెరచి అడగాలి.

బండి కాగితముల సంగతి. నాలుగేండ్ల క్రితము మా సంఘపు కుర్రవాడొకడు ఒక చిన్న ఓనరు దగ్గర చేరాడు. చేరిన రెండవ నెలలో, తెల్లవారుజామున సైకిలు మీద వెళ్తున్న మనిషికి బండి తగిలి కాలు విరిగింది. పారిపోకుండ ఆసుపత్రికి తీసుకొనిపోయి, పోలీసులకు తానే చెప్పాడు. అది చట్టము కోరేదే, మనము నేర్పేదీ అదే. తరువాత చూస్తే బండి ఇన్సూరెన్సు గడువు తీరి ఐదు నెలలైంది. ఓనరు ఫోను ఆపివేశాడు. ఇన్సూరెన్సు లేకపోతే నష్టపరిహారము ఓనరుతోపాటు డ్రైవరు మెడకు కూడ చుట్టుకుంటుంది. ఆ తండ్రి పాడిగేదెను అమ్మాడు. మేము కూడ రెండుసార్లు స్టేషనుకు వెళ్లి బల్లమీద కూర్చున్నాము. ముందుగా కాగితములు చూడమని ఆ పిల్లవానికి మేమెవ్వరము చెప్పలేదే అన్న బాధ ఇప్పటికీ ఉన్నది.

ఇప్పుడు అది కష్టమైన పని కాదు. ప్రభుత్వమువారి ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ ఎప్పటివరకు ఉన్నవో కనబడుతుంది. స్టీరింగు పట్టుకొనకముందు అది చూడండి. 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో అజాగ్రత్తవలన ప్రాణము పోతే ఐదేండ్లవరకు శిక్ష ఉన్నది. పాత చట్టములో అది రెండేండ్లే. ఓవర్‌లోడుకు 2019 సవరణ ప్రకారము 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000 రూపాయలు జరిమానా. ఆ జరిమానా, పేలిన టైరు ఖర్చు, తగ్గిన సరుకు విలువ బత్తాలో కోసుకొనే ఓనర్లు ఉన్నారు. మృగము చీల్చిన గొర్రె లెక్క ఇదే గదా! చేరకముందే ఇది ఎవరిదో తేల్చుకొనండి, నోటిమాటగా కాక కాగితము మీద. 2025 నవంబరులో అమలులోనికి వచ్చిన కార్మిక కోడ్‌లు పనివానికి నియామక పత్రము ఇవ్వాలని చెప్తున్నాయి. ఒక్క లారీ ఆసామిని అది అడిగితే నవ్వవచ్చు. కనీసము జీతము, బత్తా, చేరిన తేదీ వ్రాసి సంతకము పెట్టమనండి. రేపు దెబ్బ తగిలితే, ఈ బండిమీద పనిచేశాడనుటకు అదే ఋజువు.

ఒరిజినల్ లైసెన్సును "మా దగ్గర ఉండనివ్వు" అని తీసుకొని బీరువాలో పెట్టుకొనేవారు కొందరున్నారు. అది ఇవ్వవద్దు. అడ్వాన్సు కూడ ఆ జాతిదే. లక్ష పుచ్చుకొన్నవాడు బ్రేకులు సరిగా లేవని తెలిసినా బండి ఆపలేడు, ఆదివారము మందిరానికి వెళ్లాలి సెలవు ఇయ్యండని అడగలేడు, మానివేయనూ లేడు. ఒంటరిగా ఊళ్లుదాటి తిరిగే పిల్లవానికి దారిలో ఎదురయ్యే శోధనలు తల్లులకు మేము చెప్పనక్కరలేదు. ఎన్ని రోజులకొకసారి ఇంటి భోజనము, ఇంటి ప్రార్థన దొరుకుతుందో అదికూడ జీతములో భాగముగానే లెక్కపెట్టండి.

లైట్ లైసెన్సు మాత్రమే ఉన్న పిల్లలకు ఒక మాట. లోడుతో కలిపి మొత్తము బరువు 7,500 కిలోల లోపు ఉండే రవాణా బండిని ఆ లైసెన్సుతోనే నడపవచ్చునని సుప్రీంకోర్టు 2024 నవంబరులో మరల స్పష్టము చేసింది. ఒక ఏడాది చిన్న వ్యానుమీద అమలాపురము, కొత్తపేట సంతలు తిరిగినవాడు పెద్ద బండికి తొందరపడనక్కరలేదు. గల్ఫులో డ్రైవరు వీసా అని వచ్చేవారి విషయము పెద్దది, వేరే నెలలో వ్రాస్తాము. అంతవరకు, ప్రభుత్వమువారి ఈమైగ్రేట్ జాబితాలో పేరు లేని ఏజెంటుకు ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఇక ఆ తల్లికి మా జవాబు. అమ్మా, రొయ్యల వ్యాను వద్దు, అడ్వాన్సు అసలే వద్దు. పెండ్లి బాకీ సంగతి మీ సంఘపు పెద్దలతో వేరుగా మాట్లాడండి, దానిని అబ్బాయి మొదటి ఉద్యోగముతో ముడిపెట్టకండి. ఊరి ఆసామి లారీ ఇన్సూరెన్సు ఈ రాత్రే ఫోనులో చూడమనండి. రావులపాలెం ట్రాన్స్‌పోర్టులో మానివేసిన డ్రైవరు మామిడికుదురులో ఉన్నాడని మీరే వ్రాశారు. ఆదివారము ఆరాధన అయ్యాక అబ్బాయిని, మీ తమ్ముడిని కలిపి ఆయన ఇంటికి పంపండి. ఆయన ఏమి చెప్పాడో మాకు వ్రాయండి.