జన్యువులో మార్పు అంటే వంశానికి మచ్చ కాదు



లింగాల వైపు నుండి ఒక అరటి రైతు కామెర్లతో వచ్చాడు. వయస్సు యాభై దాటింది. నొప్పి లేదు, జ్వరం లేదు. ఆకుపసరు తాగాడు, చేతికి వాత పెట్టించుకున్నాడు. అలా నెలన్నర గడిచిపోయింది. స్కానింగులో పైత్యరసనాళంలో కణితి కనపడింది. పెద్దాసుపత్రికి పంపుతూ, "జన్యువులలో మార్పు వలన ఇలాంటివి పుడతాయి" అని చెప్పాము. ఆయన భార్య బయటికి వచ్చాక మెల్లగా అడిగింది: "సార్, ఈ మాట ఊర్లో తెలిస్తే మా పాపకు సంబంధాలు వస్తాయా?"

తప్పు ఆమెది కాదు. సగం మాట చెప్పి ఊరుకున్న మాది. మిగిలిన సగం ఇక్కడ చెప్పుకుందాం.

అరటి తోటలో వెయ్యి చెట్లు ఉంటాయి. వాటిలో ఒక్కటి తేడాగా పెరుగుతుంది. దాని పిలకలన్నీ అలాగే వస్తాయి, కాని పక్క చెట్లకు ఏమీ కాదు. క్యాన్సరు కణితులలో చాలా వరకు ఇలాంటివే. పెద్దయిన తరువాత శరీరంలోని ఒక్క కణంలో జన్యువు మారుతుంది, ఆ కణమే పెరిగి కణితి అవుతుంది. ఆ మార్పు కణితిలోనే ఉంటుంది, బిడ్డలకు పోదు. నాటిన మొక్కలోనే లోపం ఉండి తోటంతా అలాగే రావటం వేరు. అలా వంశపారంపర్యంగా వచ్చేవి కొన్నే.

క్లోమంలోను, పైత్యరసనాళంలోను, నాళం లోపలే చిన్న చిన్న వేళ్ళలా పెరిగే అరుదైన కణితులు ఉన్నాయి. క్లోమంలోని అలాంటి కణితులలో కె-రాస్ అనే జన్యువు మారుతుందని ముందే తెలుసు. జీనాస్ అనే మరొక జన్యువు కూడా మారుతుందని 2011లో తెలిసింది. వాటిలో ఆంకోసైటిక్ అనే ఒక రకం మాత్రం వేరుగా కనపడేది. అందులో పి.ఆర్.కె.ఎ.సి.ఎ. లేక పి.ఆర్.కె.ఎ.సి.బి. అనే జన్యువు మరో జన్యువుతో అతుక్కుపోయి ఉంటుందని 2020లో కనుగొన్నారు. క్లోమంలోనూ, పైత్యనాళంలోనూ అదే మార్పు. ఇలాంటి అతుకే ఒక అరుదైన కాలేయ క్యాన్సరులో కూడా ఉందని 2014లోనే తెలుసు. కాబట్టి ఆ అతుకు ఒక్కటే చూసి జబ్బు పేరు పెట్టకూడదు.

ఇదంతా మనకెందుకు అంటారేమో. ఈ ఆంకోసైటిక్ రకాన్ని ఆపరేషనుతో పూర్తిగా తీసివేస్తే, మామూలు క్లోమ క్యాన్సరు కంటే ఎంతో మంచి ఫలితం ఉంటుంది. "క్లోమంలో గడ్డ" అనగానే ఆశ వదులుకున్న కుటుంబానికి ఇది చిన్న మాట కాదు. మందులు కూడా జన్యువును బట్టి వస్తున్నాయి. కాలేయంలోని పైత్యనాళ క్యాన్సరులో ఎఫ్.జి.ఎఫ్.ఆర్.-2 అనే జన్యువు అతుక్కున్నవారికి పనిచేసే మాత్రను అమెరికాలో 2020లో అనుమతించారు.

వంశంలో వచ్చేవి లేవని కాదు. చిన్న వయస్సులోనే క్లోమంలో రాళ్ళు ఏర్పడి, షుగరు వ్యాధి తెచ్చే జబ్బు దక్షిణ భారతదేశంలో ఉంది. దానికీ స్పింక్-1 అనే జన్యువులోని మార్పుకూ సంబంధం ఉందని హైదరాబాదులోని సి.సి.ఎం.బి., ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వారు 2002లో చూపారు. ఈ జబ్బు ఏళ్ళ తరబడి ఉన్నవారికి క్లోమ క్యాన్సరు వచ్చే అవకాశం ఎక్కువ. అయినా ఆ మార్పు ఉన్న వారందరికీ జబ్బు రాదు. అలాగే ఒకే కుటుంబంలో పలువురికి రొమ్ము, అండాశయ, క్లోమ క్యాన్సర్లు వచ్చి ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి. దాచితే పెళ్ళి జరగవచ్చు గాని, ముందుగా కనిపెట్టే అవకాశం పోతుంది.

మా అభిప్రాయంలో ముఖ్యమైనవి రెండు.

మొదటిది, నలభై దాటినవారికి నొప్పి లేకుండా కామెర్లు వచ్చి, ఒంటి దురద, తెల్లని మలం, బరువు తగ్గటం ఉంటే పసరుతో రోజులు గడపవద్దు. ఆ వారంలోనే స్కానింగు చేయించండి.

రెండవది, ఆపరేషను గాని, ముక్క పరీక్ష గాని జరిగితే రిపోర్టు భద్రపరచండి. మైనపు బ్లాకు, స్లైడ్లు ఎక్కడ ఉన్నాయో అడిగి రాసుకోండి. వేలూరుకో హైదరాబాదుకో వెళ్ళినప్పుడు వాటినే అడుగుతారు. జన్యు పరీక్ష జరిగేది ఆ ముక్క మీదనే. చీనీ తోట అమ్మి వైద్యం చేయించినవారు కూడా ఆ కాగితాన్ని పోగొట్టుకోవటం చూస్తున్నాము.

డాక్టర్లకు, నర్సులకు కూడా ఒక మాట. "జన్యువు" అని నోట వచ్చినప్పుడు, అది కణితిలోనిదా, వంశంలోనిదా అన్నది వెంటనే చెప్పండి. ఇంకా తేలకపోతే తేలలేదనే చెప్పండి. ఆ ఒక్క వాక్యం చెప్పనందుకే ఆ తల్లి జబ్బు కంటే ఊరికి ఎక్కువ భయపడింది.