ఆడపడుచు సంతకము

నారాయణగూడ చౌరస్తానుండి చిక్కడపల్లి మీదుగ అశోక్‌నగరు వఱకు నడచువారు కొన్ని యేండ్లుగా ఒకే దృశ్యమును చూచుచున్నారు. వెనుకటి పెద్దలు కట్టుకొన్న మిద్దెలును పెంకుటిండ్లును ఒక్కటొక్కటిగ నేలమట్టమగుచున్నవి. వాని స్థలమున అంతస్తులమీద అంతస్తులు లేచుచున్నవి. గోడమీద గునపము పడుట అందఱికిని కనబడును. అంతకుముందు ఆ యింట జరుగు కార్యమొకటి మాత్రము వీథివారికి కనబడదు. అక్కడ పుట్టి పెరిగి, పెండ్లియై అత్తవారింటికి వెడలిన ఆడపడుచును పిలిపించి, "ఈ యింటియందు నాకుగల హక్కును నా సోదరులకు విడిచితిని" అని వ్రాసిన కాగితముపై ఆమెచేత సంతకము చేయింతురు. దీనికే హక్కు విడుదల పత్రమని పేరు. ఈవారము మేము పాఠకుల యెదుట పెట్టదలచిన విషయమిదియే.

ఆడబిడ్డకు తండ్రి ఆస్తిలో వాటా ఉన్నదా లేదా యని యిప్పటికిని కొందఱు పఠనమందిరముల అరుగులమీద వాదించుచున్నారు. వారికి మేమొక చిన్న పరీక్ష చెప్పెదము. ఇండ్లు కట్టి యమ్ము వ్యాపారి ధర్మశాస్త్రములు చదువలేదు. సంఘసంస్కారమును గూర్చి ఉపన్యసింపలేదు. ఐనను ఒప్పందమునకు ముందు అతని వకీలు అడుగు మొదటి ప్రశ్న, "ఇంటివారికి ఆడపిల్లలెందఱు? వారి సంతకములేవి?" అని. అప్పిచ్చుటకు ముందు బ్యాంకువా రడుగు ప్రశ్నయు నదియే. లేని హక్కును విడిపించుకొనుటకు ఎవ్వడును స్టాంపు కాగితము కొనడు. సోదరుడు చెల్లెలిచేత విడుదల పత్రము వ్రాయించుకొనుటయే ఆమెకు హక్కు గలదనుటకు అతడిచ్చిన రసీదు.

ఆ సంతకము జరుగు తీరు మా వృత్తిలోనివారికి చిరపరిచితము. పండుగకో, తద్దినమునకో చెల్లెలిని పిలుతురు. భోజనములైన పిదప మాట కదలును. "ఏదో కాగితమమ్మా, నీ సంతకము లేనిదే పని ఆగిపోయినదట" అని అన్న చెప్పును. వదినె చీరయు రవికగుడ్డయు తాంబూలముతో తెచ్చి పెట్టును. మఱునాడు దస్తావేజుల కార్యాలయమున ఆమె కూర్చున్నచోటికే కాగితములు వచ్చును, ఎక్కడెక్కడ సంతకము చేయవలెనో వ్రేలితో చూపుదురు, బొటనవ్రేలి ముద్ర వేయింతురు, ఛాయాచిత్రము తీయుదురు. చదివి వినిపించువారు అరుదు. లక్షలు, ఒక్కొక్కప్పుడు కోటికి మించి విలువచేయు భాగము పావుగంటలో చేతులు మారును. ఆమె పసుపుకుంకుమలతో ఇల్లు చేరును.

పరులను నిందించుటకు ముందు మా తప్పును మేము ఒప్పుకొందుము. న్యాయవాదులముగా మేమును ఇట్టి పత్రములను వ్రాసియున్నాము. ఒకనాడు మా యెదుట కూర్చున్న ఒక నడివయసు ఇల్లాలు కలము చేతబట్టి, "అయ్యా, నేను విడుచునది ఎంతయో చెప్పగలరా?" అని అడిగినది. అన్నదమ్ములు ఒకరి మొగము నొకరు చూచుకొనిరి. మేము కాగితములోని ఇంటి నంబరును, చదరపు గజములను చదివితిమి, విలువ చెప్పలేదు. అన్నదమ్ముల పక్షమున వచ్చినవారము గదా యని మా మనస్సునకు మేమే సమాధానము చెప్పుకొంటిమి. ఆమె మఱేమియు అడుగక సంతకము చేసినది. ఆ ప్రశ్న నేటికిని మమ్ములను విడువలేదు.

ఈ హక్కు ఎవరో దయతలచి వేసిన భిక్ష కాదు. 1937లో బ్రిటిషు ఇండియాలో వచ్చిన చట్టము వితంతువునకు భర్త ఆస్తిలో భాగమిచ్చినది. కాని ఆమె జీవితకాలము అనుభవించుటకే. వ్యవసాయ భూములకది వర్తింపదని 1941లో ఫెడరలు కోర్టు తేల్చినది. కుమార్తె మాటయే అందు లేదు. పిదప హిందూ స్మృతి బిల్లు వచ్చినది. రాజ్యాంగసభలో దాని పక్షమున మాట్లాడినవారిలో మన దుర్గాబాయి గారొకరు. ఆ బిల్లు ముందుకు సాగకపోవుటయే ముఖ్యకారణములలో నొకటిగ డాక్టరు అంబేద్కరు 1951లో మంత్రిపదవిని విడిచిరి. 1956 నాటి వారసత్వ చట్టము స్త్రీ ఆస్తికి ఆమెనే సంపూర్ణ యజమానురాలిని చేసినది. ఐనను ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చు వాటాను కుమారులకే ఉంచినది. కాపురముండు ఇంటిని పంచుమని కుమార్తె తనంతట అడుగరాదని 23వ విభాగమున అడ్డుగోడ కట్టినది.

ఆ చట్టమునకు ప్రాణము పోసిన వ్యాజ్యము మన తెలుగు ఇల్లాలిదే. వడ్డెబోయిన తులసమ్మ భర్త 1931లో గతించెను. ఆమె మనోవర్తికై 1944లో రుసుము చెల్లింపలేని బీదరాలిగ కోర్టుకెక్కినది. 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తి ఆమెకు వచ్చినది. అదియు బ్రతికినన్నాళ్లు అనుభవించుటకే గాని అమ్ముకొనుటకు కాదను కట్టడితో. ఆమె అమ్మగా మఱిది కాదనెను. తగవు సుప్రీంకోర్టు దాక పోయి 1977లో తీర్పు వచ్చినది: మనోవర్తి హక్కునకు బదులుగ లభించిన ఆస్తికి ఆమెయే సంపూర్ణ యజమానురాలు. ముప్పదిమూడేండ్లు ఒక వితంతువు నిలిచి పోరాడినందున దేశమున లెక్కలేనంతమంది స్త్రీలకు మేలు కలిగినది.

కుమార్తెల విషయమున మన రాష్ట్రమే చాలవాటికంటె ముందు నడచినది. నందమూరి తారకరామారావు గారి ప్రభుత్వకాలమున ఆంధ్రప్రదేశము చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి కుమార్తెను కుమారునితో సమముగ పుట్టుకతోనే వాటాదారును చేసినది. అంతకుముందే పెండ్లియైనవారికి మాత్రమది అందలేదు. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతట ఆ సమానత్వము వచ్చినది. పెండ్లియైనది కానిది యను భేదము పోయినది. 23వ విభాగపు అడ్డుగోడయు కూలినది. తండ్రి ఆనాటికి బ్రతికియుండవలెనా యను సందేహమును 2020 ఆగష్టు 11న వినీతాశర్మ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్చినది: అక్కఱలేదు, ఈ హక్కు పుట్టుకతోడిది. 1937 నుండి 2020 వఱకు ఎనుబదిమూడేండ్లు. అంతకాలమునకు చేతికందినదానిని మనము పావుగంటలో తిరిగి లాగుకొనుచున్నాము.

దీనిని సమర్థించువారి వాదములను ఇక పరిశీలింతము. "పెండ్లికి కట్నమిచ్చితిమి గదా, అదే ఆమె వాటా" అందురు. 1961 నుండి కట్నమిచ్చుట నేరము. నేరమును ఖర్చు పద్దున వ్రాసి హక్కును కొట్టివేయు లెక్క ఏ గణితములోనిది? అదియునుగాక ఆ సొమ్ము ఎవరి చేతికి పోయినది? పుచ్చుకొన్నవారు దానిని వధువునకే అప్పగింపవలెనని ఆ చట్టపు 6వ విభాగము చెప్పుచున్నది. అట్లు అప్పగించినవారిని మేము చూడలేదు. మామగారికి ముట్టిన సొమ్మును కోడలి ఖాతాలో వ్రాయుదురా?

"ముసలితనమున తలిదండ్రులను పోషించువాడు కొడుకు" అని రెండవ వాదము. తలిదండ్రుల పోషణభారము కుమారునిమీదను కుమార్తెమీదను సమముగ నున్నదని 1956 నాటి పోషణ చట్టమే చెప్పినది. 2007 నాటి వృద్ధుల చట్టము మఱల చెప్పినది. చట్టము మాట అటుంచుడు. కొడుకులు అమెరికాకో ఆస్ట్రేలియాకో పోగా, అర్ధరాత్రి తల్లిని ఆటోలో ఆసుపత్రికి కొనిపోవునది రెండు వీథుల అవతలనున్న కూతురే యని మన పేటలో ఎఱుగనివారెవరు? బరువు మోయునప్పుడు బిడ్డ, పంపకమునాడు పరాయిదియా?

మూడవ వాదము మెత్తనిది, కావుననే ప్రమాదకరమైనది. "వాటా అడిగిన పుట్టినింటి రాకపోకలు పోవును, అన్నాచెల్లెండ్ర ప్రేమ చెడును" అందురు. ప్రేమను కాపాడు భారమంతయు చెల్లెలిదేనా? అడిగిన చెల్లెలు ఆశపోతు. ఇయ్యని అన్న వంశగౌరవ రక్షకుడు! పుట్టింటి గడప తొక్కుటకు వెల కట్టి, ఆ వెలను దస్తావేజుల కార్యాలయమున వసూలు చేయుదురు. దీనికి అనురాగమని పేరు పెట్టుట మాటలకు చేయు అపచారము.

అన్న పేదవాడై, తాను కలిగినదై, మనఃపూర్వకముగ తన భాగము నిచ్చు సోదరీమణులు లేకపోలేదు. వారికి మేము నమస్కరింతుము. కాని ఇచ్చుటకు ముందు తనదని తెలియవలెను గదా. మొదట పంపకము జరుగనిండు, ఆమె భాగము ఆమె పేర నమోదు కానిండు, ఏడాది గడవనిండు. ఆ పిదపను ఇయ్యదలచెనేని, అది దానము. ఈ పద్ధతికి ఏ సోదరుడైన జంకినచో, చెల్లెలి ప్రేమమీద అతనికి నమ్మకము లేదనియే మేము తలంతుము.

ఇది హిందూ గృహములకే పరిమితమైన దోషము కాదు. మన నగరమునందలి ముస్లిం సోదరీమణులకు వారి ధర్మశాస్త్రము కుమారుని భాగములో సగమును ఎన్నడో నిర్ణయించినది. అక్కడను అన్నకొఱకు భాగము వదలుకొను ఆచారమును మేము చూచుచున్నాము. చట్టములు వేరైనను సంతకము ఒక్కటే.

స్త్రీల ఆర్థికాభ్యుదయమనగానే నాయకులు పొదుపు సంఘములను, వారికిచ్చిన అప్పులను చూపుదురు. సంఘములు మంచివే. కాని 2010లో ఆంధ్రప్రదేశమున సూక్ష్మఋణముల వసూళ్ల బాధకు ప్రాణములు తీసికొన్న కుటుంబములుండగా, ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చిన సంగతి మఱవరాదు. అప్పు ఆమె పేర, ఇల్లు ఆయన పేర, ఇది అభ్యుదయమగునా? 2015-16 వ్యవసాయ గణనలో దేశమునందలి కమతములలో స్త్రీల పేరనున్నవి 100కు సుమారు 14 మాత్రమే. తన పేర ఒక గది, ఒక యెకరము ఉన్న స్త్రీ కష్టకాలమున ఎవరి గడపలోను చేతులు కట్టుకొని నిలువదు. కొట్టు మగని యింట తప్పక పడియుండదు.

కావున పాఠకులు కొన్ని సంగతులను ఇంటింటను చెప్పవలెనని కోరుచున్నాము. తండ్రి స్వార్జితమున ఆయన బ్రతికియుండగా కుమార్తెకున్నది ఆశ మాత్రమే; అట్టి ఆశ బదిలీచేయదగినది కాదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టపు 6వ విభాగము చెప్పుచున్నది. కావున అప్పుడే పట్టుబట్టి వ్రాయించుకొను విడుదలను చూచి ఆమె బెదరనక్కఱలేదు. సొమ్ము ముట్టచెప్పి వ్రాయించుకొన్నచో మాత్రము తగవు కలుగవచ్చును. "ఎన్నడో నోటిమాటగ పంచుకొంటిమి" అనిన చాలదు. పంపకమునకు నమోదైన పత్రమో, కోర్టు డిక్రీయో ఉండవలెనని 2005 చట్టము. నోటి పంపకమును ప్రభుత్వ దాఖలాలవంటి గట్టి సాక్ష్యముతో ఋజువు పఱచిననే కోర్టు అంగీకరించును. 2004 డిసెంబరు 20కి ముందే న్యాయముగ ముగిసిన పంపకములు మాత్రము కదలవు. వీలునామా లేక హిందూ తండ్రి గతించినచో తల్లికిని బిడ్డలతో సమభాగము కలదు. స్వార్జితమును వీలునామాతో కొడుకులకే వ్రాయు అధికారము తండ్రికున్నది. అధికారమున్నదని అన్యాయము న్యాయము కాదు. కూతురును చదివించితినని నలుగురిలో గర్వించు తండ్రి తన వీలునామాలో ఆమె పేరు వ్రాయుటకు సంకోచింపనేల?

తెలుగు బాలికల చదువునకై మాడపాటి హనుమంతరావు గారు ప్రభృతులు 1928లో నెలకొల్పిన పాఠశాల నేటికిని మన నారాయణగూడలో నున్నది. ఆనాడు ఆడపిల్లకు అక్షరములేల యని ఆక్షేపించినవారుండిరి. నేడు చిక్కడపల్లి గ్రంథాలయమునను, అశోక్‌నగరు వసతిగృహములందును వేలకొలది యువతులు ఉద్యోగ పరీక్షలకై రాజ్యాంగమును వల్లెవేయుచున్నారు. సమానత్వపు విభాగములు వారికి కంఠస్థము. వారిలో ఎందఱు తమ తండ్రి యింటి దస్తావేజును చూచియుందురు? అక్షరము నేర్పితిమి; ఆ యక్షరముతో తన హక్కును తానే కొట్టివేసికొను సంతకమునకా నేర్పినది?

మా వృత్తిలోని సోదరులకు తుదిగ నొక విన్నపము. సంతకము చేయబోవు ఆడపడుచునకు పత్రమును పూర్తిగ చదివి వినిపింపక, ఆమె విడుచు భాగపు విలువను అంకెలలో వ్రాయక, తన పక్షమున వేఱొక వకీలును అడుగు అవకాశమియ్యక, ఇకమీదట మేము విడుదల పత్రము వ్రాయమని నిశ్చయించుకొంటిమి. మీరును అట్లే నిశ్చయించుకొనుడు. మా యెదుట కూర్చున్న ఆ తల్లికి మేమానాడు బదులు చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్న మఱల వచ్చినప్పుడు, అన్నదమ్ముల మొగములవైపు చూడక, ఆమె వైపే చూచి బదులు చెప్పుడు.