కోర్ ఏరియాలో చస్తే చావు కాదట

జూలై 29 వచ్చిందంటే మా కాలేజీలో పులి బొమ్మల పోటీ. పిల్లలు బాగానే గీస్తారు. పులి ఉంటుంది, అడవి ఉంటుంది, ఏరు ఉంటుంది. మనిషి ఒక్కడూ ఉండడు. ఆ మనిషిని తుడిచేసిందెవరో ఈ వారం మాట్లాడుకుందాం.

బెంగాల్ సుందర్‌బన్స్ చూడండి. పీతలకీ చేపలకీ తేనెకీ మడ అడవిలోకి పోయేదెవరు? ఎక్కువగా పౌండ్ర, నామశూద్ర కులాలవాళ్లు, ముండా ఆదివాసీలు, పేద ముస్లింలు. ఉప్పునేల తిండి పెట్టదు కాబట్టి పోతారు. ఇరుకు కాలవల్లో బురదలో వంగి పీతలు పడుతుంటే పులి వెనకనుంచి వస్తుంది. 1980లలో తల వెనక మనిషి ముఖం మాస్కు కట్టుకుని కూడా పోయారు. పడవ లైసెన్సులు కొన్నే. అవి ఉన్నవాళ్లలో చాలామంది అడవి మొహం చూడరు, అద్దెకిస్తారు (కౌలు భూమి మీదే కాదు, నీళ్ల మీదా ఉంది). అద్దె కట్టలేనోడు దొంగచాటుగా పోతాడు.

వాడిని కోర్ ఏరియాలో పులి చంపిందనుకోండి. భార్య గట్టిగా ఏడవలేదు. వెంటపోయినవాళ్ల మీద కేసు పడుతుందని చావునే దాస్తారు. పోస్ట్‌మార్టం కాగితం ఉండదు, పరిహారం రాదు. ఊరేమో ఆమెనే 'మొగుణ్ణి తిన్నది' అంటుంది. కోర్ అయినా బఫర్ అయినా పరిహారం ఇచ్చి తీరాలని కలకత్తా హైకోర్టు చెప్పడానికి 2023 దాకా పట్టింది.

"అయితే పులిని చంపేయమంటారా సార్?" అని ఒక విద్యార్థి అడిగాడు. కాదు నాయనా. పులికి కులం లేదు. గీత గీసినోడికి ఉంది.

ఆ గీత చరిత్ర మరిచ్‌ఝాపిలో ఉంది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన దళిత శరణార్థుల్ని దండకారణ్యంలో పడేశారు, మన చింతూరు పక్కనున్న మల్కన్‌గిరిలో కూడా. 1978లో వేలమంది అక్కణ్నుంచి కదిలి మరిచ్‌ఝాపి దీవికి చేరి గుడిసెలు, బడి కట్టుకున్నారు. ఇది రిజర్వు అడవి అన్నది ఎర్రజెండా సర్కారు. 1979 జనవరిలో పోలీసు లాంచీలతో దీవిని చుట్టి తిండీ నీళ్లూ ఆపింది, కాల్పులు జరిపింది. మేలో గుడిసెలు తగలబెట్టి తరిమేసింది. ఎంతమంది పోయారో నేటికీ సరైన లెక్క లేదు. పులుల్ని మాత్రం ఏళ్లకేళ్లుగా ఒక్కొక్కటిగా లెక్కపెడుతున్నాం.

ఇదంతా బెంగాల్ గొడవ అనుకోకండి. 2020 నవంబర్‌లో మన కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లాలో పులి ఇద్దరు చిన్నవయసు వాళ్లను చంపింది. 2024 నవంబర్‌లో అదే జిల్లాలో పత్తి ఏరుతున్న ఒక యువతిని చంపింది. పత్తి చేను ఏ కోర్ ఏరియా?

పోటీకి వచ్చిన బొమ్మలు ఇంకా నా టేబుల్ మీదే ఉన్నాయి. ఈసారి మార్కులు వేయలేదు. పత్తి ఏరే మనిషిని కూడా గీసుకు రమ్మని వెనక్కి ఇస్తున్నాను.