ఓటు లేనోళ్ల గోడు ఢిల్లీకి వినపడదు

విదేశాంగ విధానం పార్టీలకు అతీతమని, అక్కడ దేశ ప్రయోజనమే కొలబద్ద అని పాలకులు చెబుతుంటారు. బంగ్లాదేశ్‌తో మన సరిహద్దు కథ చూస్తే ఆ మాటల్లోని డొల్లతనం బయటపడుతుంది.

1974 మే 16న ఇందిరాగాంధీ, ముజీబుర్ రహమాన్ భూ సరిహద్దు ఒప్పందంపై సంతకాలు చేశారు. బంగ్లాదేశ్ ఆ ఏడాదే ఆమోదించింది. మన పార్లమెంటు ఆమోదించింది 2015 మే నెలలో. అంటే 41 ఏళ్లకు! భూమి ఇచ్చిపుచ్చుకోవాలంటే రాజ్యాంగాన్ని సవరించాలి. 'దేశం భూమిని ధారపోశారు' అన్న నింద ఎవరు మోస్తారు? 2013 డిసెంబరులో యూపీఏ సర్కారు బిల్లు పెడితే బీజేపీ, తృణమూల్, అసోం గణపరిషత్ కాదన్నాయి. ఏడాదిన్నర తిరక్కుండానే, గద్దెనెక్కిన అదే బీజేపీ 100వ రాజ్యాంగ సవరణగా దాన్ని నెగ్గించింది. లోక్‌సభలో ఒక్క వ్యతిరేక ఓటూ పడలేదు. ఒప్పందం అదే, భూమీ అదే. మారింది కుర్చీ ఒక్కటే.

ఈ ఆటలో నలిగింది ఎవరు? ఒక దేశం కడుపులో మరో దేశపు తునకలుగా మిగిలిన 162 చిట్‌మహల్‌ల జనం. యాభై వేలకు పైబడిన ప్రాణాలు. చాలాచోట్ల బడి లేదు, దవాఖాన లేదు, కరెంటు లేదు. ఓటు అసలే లేదు. ఓటుంటే 41 ఏళ్లు ఆగేవాళ్లా?

ఓటున్న చోట ఏం జరుగుతుందో తీస్తా చెబుతుంది. 2011 సెప్టెంబరులో మన్మోహన్‌సింగ్ ఢాకా వెళ్లే వేళకు తీస్తా జలాల ఒప్పందం సిద్ధంగా ఉంది. ఉత్తర బెంగాల్ రైతుకు అన్యాయం జరుగుతుందని మమతా బెనర్జీ చివరి నిమిషంలో అడ్డం తిరిగారు. కేంద్ర సర్కారు నిలబడింది తృణమూల్ ఎంపీల మద్దతు మీద కూడా. ఇంకేముంది, ఒప్పందం అటకెక్కింది. పదేళ్లు దాటినా దిగలేదు.

మమత అడగడం తప్పని మనం అనం. నది ఒడ్డున బతికే రైతు మాట వినాల్సిందే. కానీ ఆ మాట ముందే, బహిరంగంగా వినాలి. సర్కారు పడిపోతుందన్న భయం పుట్టినప్పుడు కాదు. విదేశీ ఒప్పందాలకు పార్లమెంటు ముందస్తు ఆమోదం తప్పనిసరి అన్న నియమం మన రాజ్యాంగంలో లేదు. 253వ అధికరణం ఒప్పందాల అమలుకు చట్టాలు చేసే అధికారాన్ని పార్లమెంటుకే ఇచ్చింది, రాష్ట్రాల జాబితాలోని అంశాలపైన కూడా. అందుకే సంతకానికి ముందే సభలో చర్చ జరగాలి, నష్టపోయే ప్రాంతపు జనం గొంతు అక్కడ పలకాలి.

దేశ ప్రయోజనమంటే ఎంపీల లెక్క కాదు. సరిహద్దు మీద బతికే మనిషి కూడా దేశమే.