చిన్న చక్రం కొలత

పిల్లలూ, ఈ నెల ఒక లెక్కతో మొదలుపెడదాం.

ఒక సైకిలు చక్రం అడ్డుకొలత 26 అంగుళాలు. ఇది నాన్నది. మరొక సైకిలు చక్రం 20 అంగుళాలు. ఇది పదేళ్ళ కూతురిది. ఇద్దరూ కలిసి 30 కిలోమీటర్లు వెళ్ళారు. ఎవరి చక్రం ఎన్నిసార్లు తిరిగింది?

చక్రం ఒక చుట్టు తిరిగితే, దాని అడ్డుకొలతకు మూడు రెట్లకు కొంచెం పైగా దూరం ముందుకు పోతుంది. ఆ లెక్కన నాన్న చక్రం ఒక చుట్టుకు సుమారు 207 సెంటీమీటర్లు పోతుంది. కూతురి చక్రం 160 సెంటీమీటర్లే పోతుంది. అంటే 30 కిలోమీటర్లకు నాన్న చక్రం సుమారు 14,500 సార్లు తిరిగితే, కూతురి చక్రం 18,800 సార్లు తిరగాలి! రెండు సైకిళ్ళ పళ్ళచక్రాలూ ఒకే పాళ్ళలో వున్నట్టయితే కూతురు తొక్కిన తొక్కుళ్ళు కూడా అంత ఎక్కువే. సాయంత్రం గుడారం వేశాక నాన్న, "ఈ మాత్రం దానికే అలిసిపోయావా, అమ్మాయీ?" అన్నాడనుకోండి. ఆ మాట న్యాయంగా వుందా?

పెద్దవాళ్ళూ పిల్లలూ కలిసి సైకిళ్ళ మీద దూరప్రయాణం చెయ్యదలచినప్పుడు, దూరాన్ని చిన్న చక్రంతో కొలవాలి. ఈ కొలత తప్పితే ఎంత మంచి ప్రయాణమైనా మూడో రోజుకు ఏడుపులోకి దిగుతుంది. ఈ కొలతతో పథకం ఎలా వేస్తారో చూడటానికి నిజంగా వున్న ఒక దారిని తీసుకుందాం.

అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరం నుంచి రాజధాని వాషింగ్టన్ దాకా సైకిలు మీద వెళ్ళవచ్చు. దాదాపు దారి పొడుగునా మోటారు వాహనాలు రావు. అడ్డంగా వచ్చే రోడ్లను దాటేచోట మాత్రం ఆగి చూసుకోవాలి. మొత్తం దూరం సుమారు 540 కిలోమీటర్లు. నిజానికి ఇవి రెండు దారులు. మొదటి 240 కిలోమీటర్ల దారి పేరు గ్రేట్ అలెఘనీ పాసేజ్. అది కంబర్లండ్ అనే పట్టణం దాకా పోతుంది. ఒకప్పుడు అక్కడ రైళ్ళు నడిచేవి. పట్టాలు తీసేసి, సున్నపురాతి పొడి పరిచి సైకిళ్ళకు దారి చేశారు. దాని మొదటి ముక్క 1986లో తెరిచారు. చివరి ముక్క 2013లో పూర్తి అయింది. కంబర్లండ్ నుంచి వాషింగ్టన్ దాకా వున్న మిగతా 297 కిలోమీటర్లూ పొటోమాక్ నది పక్కన ఒక పాత కాలవ గట్టు. ఆ కాలవ పేరు చెసపీక్ అండ్ ఒహాయో.

కొండల మధ్య పోయే దారి పిల్లలకు ఎలా పనికివస్తుందని మీరు అడగవచ్చు. ఇనపచక్రం ఇనపపట్టా మీద బాగా పట్టు దొరకక జారుతుంది. అందుచేత రైలు నిటారు ఎత్తులు ఎక్కలేదు. ఆ కాలపు ఇంజనీర్లు కొండలను తొలిచి, లోయల మీద వంతెనలు కట్టి, వాలు చాలా తక్కువగా వుండేట్టు చూశారు. రైలు కోసం పడిన ఆ శ్రమ ఇప్పుడు పిల్లల కాళ్ళకు మేలు చేస్తున్నది.

అయినా ఏ వైపు నుంచి బయలుదేరాలో ముందే ఆలోచించాలి. ఈ దారిలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు సముద్రమట్టానికి 729 మీటర్ల ఎత్తున వుంది. దానికి ఒకవైపు పడ్డ వాన చివరకు మెక్సికో సింధుశాఖకు, రెండోవైపు పడ్డ వాన అట్లాంటిక్ సముద్రానికి పోతుంది. కంబర్లండ్ నుంచి ఆ చోటికి 38 కిలోమీటర్లే. కాని ఆ కాస్త దూరంలో సుమారు 540 మీటర్ల ఎత్తు ఎక్కాలి. అంటే కిలోమీటరుకు 14 మీటర్లు. పిట్స్‌బర్గ్ నుంచి అయితే 200 కిలోమీటర్లకు పైగా పోవాలి. ఎక్కేది సుమారు 510 మీటర్లు. కిలోమీటరుకు రెండున్నర మీటర్లు మాత్రమే! చిన్న చక్రానికి ఏది మంచిదో మీరే చెప్పగలరు. పిట్స్‌బర్గ్ వైపు నుంచి వస్తే, ఎక్కిన కష్టానికి బహుమానంలాగా 38 కిలోమీటర్ల దిగుడు చివర్లో దొరుకుతుంది.

ఇప్పుడు రోజుల లెక్క వేద్దాం. మొదటిసారి మొత్తం 540 కిలోమీటర్లూ పోవాలని ఎవరూ శాసించలేదు. కనెల్స్‌విల్ అనే ఊళ్ళో మొదలుపెట్టి కంబర్లండ్‌లో ఆపితే 140 కిలోమీటర్లకు కొంచెం పైగా వుంటుంది. పెద్దవాడు ఒక్కడే అయితే రెండు రోజుల్లో వెళ్ళిపోతాడు. పదేళ్ళ పిల్లతో వెళ్ళేవాడు ఆరు రోజులు పెట్టుకోవటం మంచిది.

మొదటి రోజు ఒహాయోపైల్ దాకా 27 కిలోమీటర్లు. అక్కడ నది జలపాతమై దూకుతుంది. రెండో రోజు పొద్దున ఆ జలపాతం చూసి, కన్‌ఫ్లుయెన్స్ దాకా 17 కిలోమీటర్లే పోవాలి. మూడో రోజు రాక్‌వుడ్‌కు 29. నాలుగో రోజు మయర్స్‌డేల్‌కు 19. ఊరు ఇంకా రాకముందే 580 మీటర్ల పొడుగున్న సాల్స్‌బరీ వంతెన వస్తుంది. ఐదో రోజు ఆ ఎత్తయిన చోటు దాటి ఫ్రాస్ట్‌బర్గ్‌కు 26. ఆరో రోజు కంబర్లండ్‌కు 25, అంతా దిగుడే.

రెండో రోజు ఎందుకు తక్కువ పెట్టామో గమనించారా? అలవాటులేని కండరాలు పని చేసిన రోజున అంతగా నొప్పి పెట్టవు. మర్నాడో ఆ మర్నాడో పెడతాయి. మొదటి రోజు హుషారు చూసి రెండో రోజు 40 కిలోమీటర్లు పెట్టే నాన్నలకు ఈ సంగతి మీరే చెప్పాలి. అందుకే బయలుదేరే ముందు ఇంటి దగ్గర వరసగా రెండు రోజులు తొక్కి చూడాలి. మొదటి రోజు పెద్దగా ఏమీ చెప్పదు. నిజం చెప్పేది రెండో రోజే.

ఐదో రోజున బిగ్ సావేజ్ అనే సొరంగం వస్తుంది. దాని పొడుగు ఒక కిలోమీటరు. చలికాలంలో దానికి తలుపులు వేసేస్తారు. లోపలికి వూరే నీరు గడ్డకట్టి గోడలను పాడుచెయ్యకుండా ఈ ఏర్పాటు. మరమ్మతులకు కూడా ఒక్కొక్కసారి మూసివుంటుంది. కనక తేదీలు పెట్టుకోక ముందే అది తెరిచివుందో లేదో కనుక్కోవాలి.

దిగుడులో ఒక అపాయం పొంచివుంది. తొక్కుతున్నంతసేపూ మన కండరాలు వేడి పుట్టిస్తాయి. దిగేటప్పుడు తొక్కే పని లేదు. పైగా గాలి వచ్చి కొడుతుంది. పిల్లల శరీరానికి బరువును బట్టి చూస్తే చర్మం విస్తీర్ణం పెద్దవాళ్ళకన్నా ఎక్కువ. అందుచేత వాళ్ళు తొందరగా చల్లబడతారు. ఎత్తు ఎక్కి చెమటతోనో, వాన తడితోనో వున్న పిల్లను అలాగే దిగుడులోకి పంపితే, కొంతసేపటికి వేళ్ళు కొంకర్లుపోయి బ్రేకు కూడా పట్టుకోలేదు. దిగే ముందే పొడి చొక్కా, పైన కోటు, చేతులకు తొడుగులు వెయ్యాలి. చిన్న చెయ్యి బ్రేకును పూర్తిగా నొక్కగలుగుతున్నదా, బ్రేకు రబ్బర్లు అరిగివున్నాయా అన్నది ఇంటి దగ్గరే చూసుకోవాలి.

సామాను సంగతి. గుడారం, వంటగిన్నెలు, పంచరు సామాను, గాలి పంపు, పానాలు పెద్దవాళ్ళ సైకిలు మీదికి వెళ్ళాలి. పిల్ల సైకిలు మీద నీళ్ళ సీసా, వానకోటు, ఇష్టమైన చిన్న వస్తువు ఒకటి చాలు. నెత్తిన హెల్మెట్టు తప్పదు. దాహం వేయకముందే నీళ్ళు తాగాలి, ఆకలి వేయకముందే తినాలి. దారిలో పిల్ల ముందు, పెద్దవాళ్ళు వెనక. అప్పుడు ముందున్న సైకిలు వేగమే అందరి వేగమవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక ఒప్పందం. "ఆగుదాం" అనే హక్కు పిల్లలకు వుండాలి. ఆ మాట వినగానే పెద్దవాళ్ళు కారణం అడగకుండా ఆగాలి. నీళ్ళు తాగి, ఏదన్నా తిని, పది నిమిషాలు కూచున్నాక, ముందుకు పోవాలో వద్దో కలిసి నిర్ణయించాలి. ఇంటికి మళ్ళే దారి కూడా పథకంలో ముందే రాసుకోవాలి. ఈ దారిలో కనెల్స్‌విల్, కంబర్లండ్, హార్పర్స్ ఫెర్రీ ఊళ్ళల్లో రైలు ఆగుతుంది. సైకిలు ఎక్కించటానికి ముందుగా చోటు రిజర్వు చేసుకోవాలి. మళ్ళే దారి వున్నదని తెలిసిన పిల్ల భయం లేకుండా ముందుకు పోతుంది.

మధ్యలో ఆగితే పరువు పోతుందనుకునేవాళ్ళ కోసం ఆ రెండో దారి కథ చెబుతాను. ఆ కాలవను 1828లో తవ్వటం మొదలుపెట్టారు. 1850కి గాని కంబర్లండ్ చేరలేదు. అప్పటికి ఎనిమిదేళ్ళ క్రితమే రైలు ఆ ఊరు చేరింది! కాలవ మీద 74 లాకులు కట్టారు. లాకులంటే గోదావరి డెల్టా పిల్లలకు కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక మన కాలవల మీద కూడా పడవలు లాకుల గుండా ఎక్కి దిగేవి. గాలి లేనప్పుడు మనుషులు గట్టున నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. అక్కడ ఆ పని కంచరగాడిదలు చేసేవి. వాటిని తోలుతూ గట్టున నడిచినవాళ్ళలో పడవవాళ్ళ పిల్లలు చాలామంది. ఆ పిల్లలకు "ఆగుదాం" అనే హక్కు లేదు. 1924లో వరదలు వచ్చాక ఆ కాలవ మీద పడవలు ఆగిపోయాయి.

తరవాత ఆ కాలవ వెంబడి మోటారు రోడ్డు వెయ్యాలని ప్రయత్నం జరిగింది. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక దాన్ని సమర్థించింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్, "నాతో కలిసి ఆ గట్టు మీద నడిచి చూడండి" అని పత్రికవారిని పిలిచాడు. 1954 మార్చిలో చాలామంది ఆయనతో బయలుదేరారు. ఎనిమిది రోజుల్లో మొత్తం దూరం నడిచినవాళ్ళు తొమ్మిదిమందే. మిగతావాళ్ళు మధ్యలో ఆగారు. వాళ్ళంతా పెద్దవాళ్ళే సుమా! అయితేనేం? పత్రిక తన అభిప్రాయం మార్చుకున్నది, రోడ్డు రాలేదు, 1971లో ఆ కాలవను జాతీయ చారిత్రక ఉద్యానవనంగా చేశారు. ఆగినవాళ్ళు నడిచిన నడక కూడా వృథా కాలేదు.

ఇక ఈ నెల లెక్క. కంబర్లండ్ నుంచి వాషింగ్టన్‌కు 297 కిలోమీటర్లు. రోజుకు 25 కిలోమీటర్లు తొక్కాలి. నాలుగు రోజులు తొక్కిన తరవాత ఒక రోజు విశ్రాంతి. చేరటానికి ఎన్ని రోజులు పడుతుంది?

జవాబు: తొక్కటానికి 12 రోజులు, విశ్రాంతికి 2 రోజులు, మొత్తం 14 రోజులు. మీలో ఎవరైనా వాన కోసం ఒక రోజు అదనంగా వేసి 15 అని చెబితే, అదీ ఒప్పే. పథకం వేసే పని ఈసారి వాళ్ళకే అప్పగించమని మీ ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పండి.