చూడని పనికి పదిహేనేళ్లకే సంతకం

పదో తరగతి ఫలితాలు ఇంకా రాకముందే ఇంటర్ కాలేజీ పీఆర్వో ఇంటికొస్తాడు. చేతిలో నిరుటి ర్యాంకుల ఫొటోలున్న కరపత్రం, నోట ఫీజు రాయితీ మాట. అరగంటలో ఎంపీసీయా బైపీసీయా తేలిపోతుంది, అడ్వాన్సు కూడా చెల్లించేస్తారు. ఆ గదిలో కూర్చున్న పిల్లకు గానీ పిల్లాడికి గానీ అప్పటిదాకా ఒక్క ఇంజనీరైనా పనిచేస్తుంటే పక్కన నిలబడి చూసిన అనుభవం ఉండదు. రెండేళ్ల హాస్టలు, నాలుగేళ్ల బీటెక్, తల్లిదండ్రులు చేసే అప్పు అన్నీ ఆ చూడని పని మీదే పెట్టిస్తున్నాం. ఈ నేరంలో విద్యాశాఖకూ, కాలేజీలకూ, పరిశ్రమలకూ వాటా ఉంది.

ఆ చూడని పని ఎలాంటిదో ఒక ఉదాహరణ చూడండి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. మిగతా గేట్లెత్తి నీటి ఒత్తిడి తగ్గించారు. ఆ తర్వాత పారుతున్న నీటిలోనే స్టాప్‌లాగ్‌లు (నీటికి అడ్డుగా దించే పలకలు) దించి, వారం రోజుల్లో ఆ ఖాళీని మూసిన బృందానికి దారి చూపింది గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు. ఆ నీటితో బతికే అనంతపురం, కర్నూలు జిల్లాల్లో ఏటా వేలమంది పిల్లలు ఎంపీసీలో చేరుతున్నారు. వాళ్లలో ఎందరు ఒక డ్యాం గేటును దగ్గర నుంచి చూశారు?

అలాంటి ఆపద వేళ పిల్లల్ని అక్కడికి పంపమని ఎవరూ అడగరు. కానీ వానలకు ముందు గేట్లు పరీక్షించడం, తాళ్లకూ గొలుసులకూ గ్రీజు పెట్టడం, రబ్బరు సీళ్లు చూడటం ఎండాకాలం పని. పదో తరగతి పిల్లలు ఇంటి దగ్గర ఖాళీగా ఉండేదీ ఆ నెలల్లోనే. ఒక ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వెంట ఇద్దరు పిల్లలు మూడు రోజులు తిరిగితే చాలు, ఏ పాఠ్యపుస్తకమూ చెప్పనిది కళ్లబడుతుంది. రోజులో కొంత లెక్క, కొంత ఎండ, కొంత మేస్త్రీతో వాదన, మిగతాదంతా కాగితం. ఒక బోల్టు అరిగిందని పై అధికారికి రాసే నోటు వెనక ఎంత బాధ్యత ఉంటుందో తెలుస్తుంది. ‘నాకు ఇదే కావాలి’ అనుకుని తిరిగొచ్చినా లాభమే, ‘ఇది నా వల్ల కాదు’ అనుకున్నా లాభమే. ఆ రెండో సంగతి ఇప్పుడు బీటెక్ మూడో ఏడాదిలో, బ్యాక్‌లాగుల మధ్య తెలిసొస్తోంది.

నిజానికి ఈ అవకాశం కొందరికి ఎప్పటినుంచో ఉంది. డాక్టరు కూతురు ఆస్పత్రిలోనే పెరుగుతుంది. ప్లాంటులో మేనమామ ఉన్న కుర్రాడు కంట్రోల్ రూం దాకా వెళ్లొస్తాడు. కూలి కొడుకుకూ, కౌలు రైతు కూతురికీ ఆ చుట్టరికం లేదు. వాళ్లకు తెలిసిన ఇంజనీరు సినిమాలో హీరో, లేదా అమెరికా నుంచి వచ్చిన పక్కింటి అబ్బాయి. కంప్యూటర్ సైన్స్ తప్ప మరో బ్రాంచి ఊహకైనా రాకపోవడానికి ఇది పెద్ద కారణమని మా నమ్మకం.

జాతీయ విద్యావిధానం 2020లో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పది రోజులు బ్యాగు లేకుండా వడ్రంగి, కుమ్మరి వంటి వృత్తిదారుల దగ్గర గడపమంది. మంచి మాట. కానీ గ్రూపు ఎంచుకోవాల్సిన పదో తరగతి వేళకు అలాంటి అవకాశం కల్పించవచ్చని మాత్రమే అంది. ఇస్రో బడి పిల్లల కోసం 2019లో మొదలుపెట్టిన యువ శాస్త్రవేత్తల కార్యక్రమం ‘యువిక’ మేలైనదే, కానీ అందులో చోటు దేశం మొత్తానికి వందల్లోనే. జపాన్‌లోని హ్యోగో రాష్ట్రం 1998 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలను ఐదు రోజులు పనిచోట్లకు పంపుతోంది, ర్యాంకుతో నిమిత్తం లేకుండా. మన దగ్గర ల్యాబుల ‘ఓపెన్ డే’ నాడు వందల మంది వరుసలో నడిచి, అద్దాల వెనక యంత్రాలు చూసి బస్సెక్కుతారు. అక్కడ పనిచేసే శాస్త్రవేత్త ఆ రోజు పని ఆపి పోస్టరు పక్కన నిలబడతాడు. ప్రయోగం విఫలమైన మధ్యాహ్నం ఆయన ఏం చేస్తాడో పిల్లలకు ఎన్నడూ కనబడదు.

భద్రత మాటేమిటని ఫ్యాక్టరీలు అంటాయి. చూడటానికి వచ్చినవాళ్ల చేత పని చేయించమని ఎవరూ అనడం లేదు. హెల్మెట్ ఇచ్చి, గీత దాటొద్దని చెప్పి, ఒక మనిషిని తోడివ్వాలి. మంత్రులు వచ్చినప్పుడు ఈ ఏర్పాట్లన్నీ చేస్తూనే ఉన్నారు. పైగా బాలానగర్ నుంచి విశాఖ ఉక్కు దాకా ఈ పరిశ్రమలు నిలబడిన నేల, తాగే నీరు ఈ పిల్లల ఊళ్లవి.

సబ్‌స్టేషన్లు, నీటి శుద్ధి కేంద్రాలు, భూసార పరీక్షా కేంద్రాలు, రోడ్లు భవనాల శాఖ కార్యాలయాలు ప్రతి జిల్లాలో ఉన్నాయి. పదో తరగతి పరీక్షలకూ ఇంటర్ తరగతులకూ నడుమ దొరికే వారాల్లో ఒక్కో అధికారి ఇద్దరేసి పిల్లలను వెంట తిప్పేలా కలెక్టర్లు జాబితాలు వేయాలి. ఆ రోజుల్లో పీఆర్వోలు ఇళ్ల గడప తొక్కకుండా ఇంటర్ బోర్డు కట్టడి చేయాలి. అడ్మిషన్ దరఖాస్తులో గ్రూపు పేరు రాసే గడికి పైన ఇంకో గడి ఉండాలి: ఎవరి వెంట, ఎక్కడ, ఎన్ని రోజులు తిరిగావు?