ఘట్టకుటి లేని బాటలు

సంస్కృత న్యాయాలలో ఘట్టకుటీప్రభాత న్యాయమని ఒకటుంది. ఘట్టకుటి అంటే సుంకం వసూలు చేసే గుడిసె. సుంకం ఎగవేయదలచిన బండివాడొకడు రాచబాట విడిచి, రాత్రివేళ డొంకదారులు పట్టి పోయాడట. చీకట్లో దారి తప్పి, తిరిగి తిరిగి, తెల్లవారేసరికి సరిగ్గా ఆ సుంకపు గుడిసె ముందే తేలాడట. దేనిని తప్పించుకోవాలనుకున్నామో దాని దగ్గరికే చేరడమని దీని తాత్పర్యం. ముప్పయ్యేళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పినవాణ్ణి. ఈ న్యాయాన్ని ఎన్ని తరగతులలో వివరించానో లెక్కలేదు. బండివాడి మోసం బండివాడికే తగిలిందని పిల్లలు ప్రతిసారీ నవ్వేవారు.

ఈ కథ చెప్పినవారు కొన్ని సంగతులను చెప్పనక్కరలేనివిగా భావించారు. దారిలో గుడిసె ఉంటుంది, గుడిసెలో మనిషి ఉంటాడు, ఆ మనిషి బండిని ఆపి ఇంత ఇమ్మని అడుగుతాడు. ఎగవేసేవాడికి భయం, కట్టదలచినవాడికి ధీమా, రెండూ ఆ గుడిసె వల్లనే. ఇప్పుడు పరదేశాలలో ఆ గుడిసె కనుమరుగవుతోంది. దాని స్థానంలో వచ్చినదానిని గురించి నా అభిప్రాయం మిత్రులతో పంచుకోవాలని ఈ టపా.

మా అబ్బాయి ఉద్యోగరీత్యా మ్యూనిక్‌లో ఉంటున్నాడు. 2025 వేసవిలో నేనూ, మా శ్రీమతీ అక్కడికి వెళ్ళినప్పుడు, అబ్బాయి, కోడలు, మనవరాలితో కలిసి ఐదుగురం ఒక మోటర్‌హోమ్ అద్దెకు తీసుకొని మూడు వారాలు తిరిగాము. ఆస్ట్రియా మీదుగా ఇటలీ, అక్కడినుండి ఫ్రాన్సు, తిరుగు ప్రయాణంలో స్విట్జర్లాండు. మోటర్‌హోమ్ అంటే చక్రాల మీది ఇల్లు. వంట, పడక, స్నానం అన్నీ అందులోనే. మా తాతగారి కాలపు గూడుబండికి దీనిని మునిమనవరాలనుకోవచ్చు. అయితే గూడుబండిని ఎవరు చూసినా బండి అనే అనేవారు. ఈ చక్రాల ఇల్లు కారా, లారీయా అన్న ప్రశ్నకు ఒక్కొక్క దేశం ఒక్కొక్క జవాబు చెబుతుంది.

జర్మనీలో కార్లకుగానీ, ఇటువంటి వాహనాలకుగానీ రహదారి సుంకం లేదు. సరిహద్దు దాటి ఆస్ట్రియాలో అడుగుపెడితే బరువు ప్రధానం. వాహనపు అనుమతి పత్రంలో రాసి ఉన్న గరిష్ఠ బరువు 3.5 టన్నుల లోపైతే, ఇన్ని రోజులకని ఒక విన్యెట్ కొనుక్కుంటే సరిపోతుంది. అంతకు మించితే లారీల మాదిరిగా ఒక పెట్టె బిగించుకొని కిలోమీటరుకింతని కట్టుకోవాలి. లోపల సామాను ఎంత ఉందన్నది కాదు, కాగితంలో ఎంత ఉందన్నదే లెక్క. విన్యెట్ ఉన్నప్పటికీ ఇటలీ వైపు వెళ్ళే బ్రెన్నర్ మార్గానికి వేరే సుంకం ఉన్నది.

ఇటలీ బరువు అడగదు. ముందు ఇరుసు దగ్గర వాహనం ఎత్తు 1.3 మీటర్లు దాటిందా, ఇరుసులెన్ని, అని చూస్తుంది. ఫ్రాన్సు మొత్తం ఎత్తు చూస్తుంది. 2 మీటర్ల లోపు ఒక తరగతి, 2 నుండి 3 మీటర్ల వరకు మరొక తరగతి. 3 మీటర్లు చేరినా, 3.5 టన్నులు దాటినా ఇంకా పై తరగతి. పైకప్పు మీద శీతలయంత్రపు డబ్బా ఒకటి ఉంటే చాలు, తరగతి మారిపోవచ్చు. స్విట్జర్లాండులో 3.5 టన్నుల లోపు వాహనానికి ఏడాది విన్యెట్ ఒక్కటే ఉంది. ధర 40 ఫ్రాంకులు. ఒక్క పూట ప్రయాణానికైనా అంతే. బరువు మించిన మోటర్‌హోమ్‌లకు రోజుల లెక్కన వేరే రుసుము. ఒకే ఏనుగును తడిమి తలా ఒక మాట చెప్పిన అంధగజన్యాయం నాకు జ్ఞాపకం వచ్చింది.

ఇంతమాత్రాన నేను సుంకానికి విరోధిని కాను. కొండలను తొలిచి సొరంగాలు వేశారు, లోయలపైన వంతెనలు కట్టారు. వాటి మీద సుఖంగా పోతూ, డబ్బు మాత్రం అడగవద్దంటే ధర్మం కాదు. ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క కొలత ఉండడం కూడా దోషం కాదు. మన పల్లెల్లోనే ఒక ఊరి కొలత మరొక ఊరిలో చెల్లేది కాదు. ఇటలీలో ఎక్కువ చోట్ల ప్రవేశించేటప్పుడు యంత్రం ఒక చీటీ ఇస్తుంది. దిగేచోట ఆ చీటీ పెడితే తెర మీద అంకె కనబడుతుంది. రొక్కమో కార్డో ఇస్తే గేటు లేస్తుంది. భాష రాకపోయినా అంకె అర్థమవుతుంది. అక్కడితో ఆ రుణం తీరిపోతుంది. ఇది ఘట్టకుటి సంప్రదాయమే, యంత్రం వచ్చి కూర్చున్నదంతే.

నా అభ్యంతరం దీని తరువాతి మజిలీకి సంబంధించినది. పారిస్ నుండి నార్మండీ వైపు పోయే ఏ13, ఏ14 మార్గాలలో 2024లో గేట్లు తొలగించారు. ఇప్పుడు దారికి అడ్డంగా నిలిచిన కమానుల మీది కెమెరాలు నంబరు పలక చదువుకుంటాయి. వాహనం ఆగదు, ఎవరూ అడగరు. 72 గంటలలోగా మనమే అంతర్జాలంలోనో, నియమిత పొగాకు దుకాణాలలోనో కట్టుకోవాలి. గడువు దాటితే అపరాధ రుసుము. లండను శివార్లలో థేమ్స్ నదిని దాటే డార్ట్‌ఫర్డ్ దగ్గర 2014 నుండి ఇదే పద్ధతి. అక్కడ గడువు మరుసటి రోజు అర్ధరాత్రి. డబ్లిన్ చుట్టూ ఉన్న ఎం50 మీద మరునాటి రాత్రి 8 గంటలు. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇది కొత్త కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ వంతెన మీద 2013 నుండే రొక్కం తీసుకోవడం లేదు.

మాకు ఇబ్బంది కలగలేదు. కోడలు ముందుగానే అన్నీ చదివిపెట్టుకుంది. దారిలో మొదటి విశ్రాంతి స్థలంలో ఆగి, ఫోనులో నంబరు కొట్టి, ఐదు నిమిషాలలో కట్టేసింది. కాని ఆ రాత్రి మా పక్కన బస చేసిన నెదర్లాండ్స్ దంపతుల వయస్సు నా వయస్సే. వారు అంతర్జాలంలో డబ్బు కట్టే అలవాటు లేనివారు. వాహనం నంబరు ఒక కాగితం మీద రాసుకొని, పొగాకు దుకాణం ఎక్కడని అడుగుతూ తిరిగారు. మరునాడు ఆదివారం, దుకాణం మూసి ఉంది. సోమవారం నాడు కట్టి వచ్చి, పెద్ద భారం దిగినట్టు ఆ మాట మాతో చెప్పుకున్నారు. ఎగవేయాలన్న తలంపు లేశమైనా లేని మనుషులు తమ డబ్బు తీసుకునేవారి కోసం రెండు రోజులు వెదుక్కోవలసి వచ్చింది. బండివాడి కథ ఇక్కడ పూర్తిగా తిరగబడింది.

అద్దె వాహనమైతే మరొక చిక్కు ఉంది. తాఖీదు వాహన యజమానికి, అంటే అద్దెకిచ్చిన సంస్థకు పోతుంది. ఆ సంస్థ మన పేరు, చిరునామా అందించి, అందుకు తన కూలి తీసుకుంటుంది. మేము సంతకం చేసిన ఒప్పందంలో అటువంటి ఒక్కొక్క కాగితానికి రాసి ఉన్న రుసుము, అసలు సుంకం కంటె ఎన్నో రెట్లు ఉంది. సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు అని మనకొక సామెత. చెప్పుకున్నా ఫలితం లేదని దాని భావం. ఇప్పుడు చెప్పుకుందామన్నా సుంకరి లేడు!

గుడిసెలు తీసేయడం వల్ల లాభాలు లేవని అనను. బారులు తీరి నిలిచే వాహనాలు, వాటి పొగ, వృథా అయ్యే కాలం, ఇంధనం అన్నీ తగ్గుతాయి. గేటు దగ్గర పెద్ద బండి నడిపేవాడికి, పక్క గోడకు రాసుకోకుండా పోవాలన్న ఆందోళనా తప్పుతుంది. అందుచేత గుడిసెలను మళ్ళీ కట్టమని నా వాదం కాదు. నార్వే వారు అనేక ఏళ్ళుగా గేట్లు లేకుండానే వసూలు చేస్తున్నారు. అక్కడ పరదేశపు వాహనమైనా, నంబరు చదివి యజమానికి బిల్లు వారే పంపుతారు. ఆ బిల్లు అందిన తరువాత గదా గడువు మొదలయ్యేది! గుడిసె లేకపోయినా అడగడం అక్కడ మిగిలి ఉంది.

నేను చెప్పదలచింది ఇదే. సుంకం అడగవలసిన బాధ్యత తీసుకునేవాడిది. ఆ బాధ్యతను దారిన పోయే పరదేశి నెత్తిన వేసి, వాడు తెలుసుకోలేకపోతే శిక్షించడం సరికాదు. తనకు తెలియదన్న సాకుతో నేరస్థుడు తప్పించుకోరాదన్న సూత్రాన్ని నేను ఎరుగుదును. అది దొంగతనానికి, హత్యకు వర్తించే మాట. ఎత్తును బట్టి, ఇరుసును బట్టి, గంటలను బట్టి దేశదేశానికి మారే లెక్కకు అదే కాఠిన్యం చెల్లదు.

ఇది నేడు నాకు తట్టిన కొత్త ఆలోచన కాదు. బాపట్ల జిల్లాలోని మోటుపల్లి కాకతీయుల నాడు పెద్ద రేవు. అక్కడ గణపతిదేవ చక్రవర్తి 1244లో వేయించిన అభయశాసనం ఉంది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పరదేశ వర్తకుల ధనాన్ని పూర్వపు రాజులు లాక్కునేవారని, తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన అందులో మాట ఇచ్చాడు. ఎగుమతి, దిగుమతులపై ముప్పదింట ఒక వంతు అని రేటు చెప్పి, గంధం, కర్పూరం వంటి సరుకులకు వేరువేరుగా లెక్క చెక్కించాడు. ఆ శాసనం వర్తకులకు సుంకం మాఫీ చేయలేదు. ఇంత అని, ఇంతకు మించి లేదని రేవులోనే రాయి మీద చెప్పింది. దానికి అభయమని పేరు పెట్టడంలోని ఔచిత్యం నాకు ఈ ప్రయాణం తరువాతనే బాగా తెలిసింది. ఎంత కట్టాలో, ఎవరికి కట్టాలో ముందుగా తెలియడమే పరదేశికి అభయం.

ఇటువంటి న్యాయదృష్టి నేటి ఐరోపాలో లేదనడం కూడా తప్పే. జర్మనీ కార్ల మీద సుంకం వేయబూని, తన పౌరులకు మాత్రం వాహన పన్నులో అంత మేరకు తగ్గింపు ఇవ్వజూసింది. భారమంతా పరదేశుల మీదనే పడుతుందని ఆస్ట్రియా వ్యాజ్యం వేసింది. ఐరోపా న్యాయస్థానం 2019 జూన్ 18న ఆ పథకం చెల్లదని తీర్పు చెప్పింది. సొంతవారికి, పరదేశులకు భారం సమంగా ఉండాలని కోరిన న్యాయమే, సమాచారమూ సమంగా అందాలని కోరితే బాగుండును. ఇంట్లో కూర్చొని వారి భాషలో చదువుకునే స్థానికుడికీ, రెండు రోజులుండి పోయే అతిథికీ ఒకే 72 గంటలు సమానమెట్లా అవుతాయి?

మన ఇంటి సంగతీ చూసుకోవాలి. జాతీయ రహదారులపై 2021 ఫిబ్రవరి నుండి ఫాస్టాగ్ తప్పనిసరి. అది లేక రొక్కం ఇచ్చేవారికి రెట్టింపు విధించారు. 2025 నవంబరు 15 నుండి యూపీఐ ద్వారా కట్టేవారికి మాత్రం ఒకటింబావు వంతు అన్నారు. ఆ మేరకు మేలే. మన టోల్ ప్లాజాల ముందు ఏ వాహనానికి ఎంతో బోర్డు మీద రాసి ఉంటుంది, ఆపి చెప్పే మనిషీ ఉంటాడు. గేట్లు లేని వసూలుకు ఇక్కడా ప్రయత్నాలు సాగుతున్నాయి. ఆ రోజు వచ్చినప్పుడు బోర్డూ, మనిషీ రెండూ పోకుండా చూసుకోవాలి. మొదటి తాఖీదు అపరాధం లేకుండా రావాలి. రొక్కంతో కట్టదలచినవాడికి ఎక్కడో ఒక కిటికీ తెరిచి ఉండాలి. మధ్యవర్తి తీసుకునే కూలి అసలును మించకూడదు.

పిల్లల దగ్గరికి వెళ్ళి, ఇటువంటి వాహనంలో తిరగాలనుకునే నా ఈడు మిత్రులకు రెండు మాటలు. బయలుదేరే ముందే అనుమతి పత్రంలోని గరిష్ఠ బరువు, పైకప్పు మీది సామానుతో కలిపి ఎత్తు ఒక చీటీ మీద రాసుకొని డ్రైవరు ముందు అంటించండి. సుంకం తాఖీదు వస్తే ఎంత తీసుకుంటారో అద్దె సంస్థను సంతకానికి ముందే అడగండి. కట్టిన ప్రతి రసీదునూ ఇంటికి చేరిన తరువాత కొన్ని నెలలైనా దాచుకోండి.

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఈ కెమెరా కమానుల కింద నిత్యం తిరిగే మిత్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ ప్రాంతంలో పరదేశి వాహనాన్ని ముందుగా అడుగుతున్నారా, నేరుగా అపరాధం వేస్తున్నారా? తెలిసినవారు రాస్తే నాతోపాటు నలుగురూ తెలుసుకుంటారు.